మెడ మీద గడ్డ లేచిందా? పసరు కాదు, పరీక్ష కావాలి

కాజీపేట: మెడ పక్కన ఉసిరికాయంత బిళ్ల చేతికి తగిలితే మన పల్లెల్లో మొదట గుర్తుకు వచ్చేది ఆసుపత్రి కాదు. ఒకరు సున్నం, పసుపు కలిపి పట్టు వేయమంటారు. మరొకరు ఫలానా ఊళ్లో పసరు పూసే పెద్దమనిషి ఉన్నాడంటారు. ఇంకొకరు తాయెత్తు కట్టిస్తారు. "నొప్పి లేదు గద బిడ్డా, అదే కరుగుతది" అని ఇంట్లో ముసలవ్వ ధైర్యం చెబుతుంది. ఈలోగా నెలలు గడిచిపోతాయి. తీరా గడ్డ పగిలి చీము కారడమో, గొంతు బొంగురు పోవడమో, అన్నం ముద్ద దిగకపోవడమో జరిగినప్పుడు వరంగల్ మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రికి ప్రయాణం కడతారు.

అవ్వ మాటలో సగం నిజం లేకపోలేదు. మెడ మీద లేచే గడ్డల్లో ఎక్కువ భాగం ప్రాణం మీదికి తెచ్చేవి కావు. కొన్ని వాటంతట అవే తగ్గిపోతాయి కూడా. చిక్కంతా ఎక్కడంటే, తగ్గిపోయే గడ్డకూ తగ్గని గడ్డకూ మొదటి వారంలో చూపుకు పెద్ద తేడా ఉండదు. పైగా నొప్పి లేని గడ్డ మంచిదన్న నమ్మకం పూర్తిగా తలకిందుల నమ్మకం. నొప్పి పెట్టే గడ్డ సాధారణంగా గొంతు వాపు వల్లనో, చీము వల్లనో వచ్చినదై ఉంటుంది. మందు వేసుకుంటే పోతుంది. క్షయ గడ్డ గానీ, కాన్సర్ గడ్డ గానీ మొదట్లో నొప్పి పెట్టవు. అందుకే వాటిని నెలల తరబడి ఎవరూ పట్టించుకోరు.

మెడ ఒక జంక్షన్

బల్హార్షా వైపు నుంచి, సికింద్రాబాదు వైపు నుంచి, విజయవాడ వైపు నుంచి వచ్చే బండ్లన్నీ కాజీపేటలో కలిసినట్లే, తల, చెవి, నోరు, పళ్లు, గొంతు నుంచి వచ్చే లింఫు ద్రవం మెడలో కలుస్తుంది. ఆ దారి పొడవునా చిక్కుడు గింజల్లాంటి లింఫు గ్రంథులు ఉంటాయి. ఒంట్లో ఇలాంటివి కొన్ని వందలు ఉండగా, వాటిలో ఇంచుమించు మూడో వంతు మెడలోనే ఉన్నాయి. రోగ క్రిములు వచ్చినప్పుడు వాటిని అడ్డగించి పోరాడేవి ఈ గ్రంథులే. పోరాటంలో అవి ఉబ్బుతాయి. దానినే మనం "బిళ్ల కట్టింది" అంటాం.

బిళ్ల ఎక్కడ కట్టిందన్నదాన్ని బట్టి రోగం ఎక్కడుందో వైద్యుడు చాలావరకు ఊహించగలడు. దవడ కింద బిళ్ల కడితే ముందు నోరు తెరిపించి పిప్పి పన్ను ఉందేమో చూస్తారు. దవడ మూల దగ్గర ఉంటే గొంతులోని టాన్సిల్స్ వాచాయేమో చూస్తారు. మెడ వెనుక, తల వెంట్రుకల అంచున చిన్న చిన్న బిళ్లలు వరుసగా ఉంటే తలలో పేలు, పుండ్లు వెతకాలి. బడికి పోయే ఆడపిల్లల్లో ఇది మామూలు. పేలకు మందు పెట్టి, పుండ్లు మానితే బిళ్లలు పోతాయి. అలాంటి పిల్లకు తాయెత్తు కట్టడం వల్ల తాయెత్తు అమ్మినవాడికే లాభం. ఎడమ వైపు కాలర్ ఎముక పైగుంటలో గట్టి బిళ్ల తగిలితే మాత్రం వైద్యుడి ముఖం మారుతుంది. ఆ చోటికి కడుపులోని కాన్సర్ కూడా పాకి రావచ్చు.

పిల్లలకు జలుబు చేసినా, గొంతు నొప్పి వచ్చినా రెండు వైపులా చిన్న చిన్న బిళ్లలు కడతాయి. వేలితో కదిపితే జారుతుంటాయి. జ్వరం తగ్గాక రెండు మూడు వారాల్లో చిన్నవైపోతాయి. ఒక్కొక్కప్పుడు చిన్న గింజంత బిళ్ల ఏళ్ల తరబడి మిగిలిపోతుంది. పెరగనంత వరకు దానికి భయపడనక్కరలేదు. మూడు వారాలు దాటినా తగ్గని బిళ్లను, అంతకన్నా పెరుగుతూ పోయే బిళ్లను వైద్యుడికి చూపించి తీరాలి. ఈ మూడు వారాల గడువు చదువు లేనివారు కూడా గుర్తుంచుకోదగిన లెక్క.

పిప్పి పన్ను విషయంలో ఒక హెచ్చరిక చేయక తప్పదు. పన్ను నొప్పి వచ్చి, దవడ కింద రెండు వైపులా గట్టిగా వాచి, నాలుక పైకి లేచి, లాలాజలం మింగలేక, ఊపిరాడకపోతే అది మూడు వారాలు ఆగే సంగతి కాదు. మూడు గంటలు కూడా ఆగరాదు. వెంటనే 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చాలి.

గండమాల అంటే క్షయే

మెడలో బిళ్లలు ఒకదాని పక్కన ఒకటి గొలుసు కట్టినట్లు వస్తే మన పెద్దలు దానిని గండమాల అన్నారు. గలగండం, అపచి మొదలైన మెడ గడ్డల ప్రస్తావన సుశ్రుత సంహితలోనే ఉంది. ఈనాడు మనం గండమాల అని చెప్పుకొనేది చాలావరకు లింఫు గ్రంథులకు పట్టిన క్షయ. క్షయ అంటే దగ్గు, కళ్లె, నెత్తురు అని మాత్రమే చాలామందికి తెలుసు. మన దేశంలో నమోదయ్యే క్షయ రోగుల్లో ఇంచుమించు నాలుగో వంతు మందికి అది ఊపిరితిత్తుల బయట వస్తుంది. అందులోనూ ముందు వరుసలో ఉండేది లింఫు గ్రంథుల క్షయ, అదీ ముఖ్యంగా మెడ బిళ్లల క్షయ. దగ్గు లేదు కాబట్టి క్షయ కాదని ఇంటి వారు అనుకుంటారు. ఆలస్యమంతా అక్కడే జరుగుతుంది.

ఒకప్పుడు ఇంగ్లండు, ఫ్రాన్సు దేశాల్లో కూడా దీనికి విచిత్రమైన వైద్యం ఉండేది. రాజు గానీ రాణి గానీ చేత్తో తాకితే గండమాల పోతుందని అక్కడి ప్రజల నమ్మకం. తర్వాతి కాలంలో పెద్ద నిఘంటువు రాసి పేరు తెచ్చుకున్న శామ్యూల్ జాన్సన్‌ను పసివాడుగా ఉన్నప్పుడు 1712లో లండన్ తీసుకుపోయి ఆన్ రాణి చేత తాకించారు. మెడలో వేసుకోమని ఒక నాణెం కూడా ఇచ్చారు. రోగం పోలేదు. మెడ మీద మచ్చలు ఆయనకు జీవితాంతం మిగిలాయి. తాయెత్తు మన సొత్తే అనుకోనక్కరలేదన్నమాట. 1882 మార్చి 24న రాబర్ట్ కాక్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు క్షయ క్రిమిని కనుగొన్నట్లు ప్రకటించారు.

క్షయ బిళ్లల తీరు ఇలా ఉంటుంది. నెమ్మదిగా పెరుగుతాయి. నొప్పి ఉండదు. కొన్నాళ్లకు ఒకదానికొకటి అంటుకొని ముద్దగా తయారవుతాయి. సాయంకాలం పూట సన్నని జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం కొందరిలో ఉంటాయి, కొందరిలో అసలు ఉండవు. తర్వాత బిళ్ల మెత్తబడి లోపల చీము చేరుతుంది. అయినా చేత్తో పట్టుకుంటే వేడి ఉండదు. వైద్యులు దానిని చల్లని గడ్డ అంటారు. ఈ దశలో ఎవరైనా కత్తి పెట్టి కోసినా, ఇనుప చువ్వ కాల్చి వాతలు పెట్టినా, పసరు పూసి పుండు చేసినా అక్కడ రంధ్రం పడి నెలల తరబడి చీము కారుతూనే ఉంటుంది. మానినా ముడతలు పడిన మచ్చ మిగులుతుంది. ఊళ్లలో పెద్ద వయసు వారి మెడల మీద కనిపించే ఇలాంటి మచ్చల్లో సగం రోగం చేసినవైతే, సగం వైద్యం పేరిట మనుషులు చేసినవి.

ఇది క్షయ అని తేల్చడానికి సన్నని సూదితో బిళ్లలోని రసం కొద్దిగా తీసి పరీక్షిస్తారు. దానిలో క్షయ క్రిమి ఉందా, ఉంటే అది మందులకు లొంగేదా కాదా అన్నది రెండు గంటల్లో చెప్పే యంత్రాలు ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రులకు వచ్చాయి. అవసరమైతే ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ఛాతీకి ఎక్స్‌రే, ఒంట్లో చక్కెర పరీక్ష, హెచ్.ఐ.వి. పరీక్ష కూడా చేస్తారు. హెచ్.ఐ.వి. పరీక్ష అనగానే కొందరు మొహమాటపడి మానేస్తున్నారు. అది తగని పని. ఆ పరీక్ష అందరికీ చేసేదే.

మందులు ఆరు నెలలు వాడాలి. మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు రకాలు. ఇవన్నీ ప్రభుత్వ ఆసుపత్రుల్లో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. రోగి తిండి ఖర్చు కోసం 2018 ఏప్రిల్ నుంచి కేంద్ర ప్రభుత్వం నెలకు 500 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేసేది. 2024 నవంబరు నుంచి దానిని 1000 రూపాయలు చేశారు. పేరు నమోదు చేయించుకుంటేనే ఈ డబ్బు వస్తుంది. ప్రైవేటు ఆసుపత్రిలో మందులు వాడుతున్నవారు కూడా నమోదు చేయించుకోవచ్చు.

మందులు మొదలుపెట్టాక జరిగే రెండు సంగతులు ముందే తెలిసి ఉండాలి. ఒకటి, మూత్రం నారింజ రంగులోకి మారుతుంది. అది మందు రంగు, నెత్తురు కాదు. రెండోది మరీ ముఖ్యం. కొందరిలో మందులు వాడుతుండగానే బిళ్లలు ఇంకా పెద్దవవుతాయి, పక్కన కొత్తవి లేస్తాయి. "మందు పడలేదు, రోగం ముదిరింది" అని భయపడి మానేసేది సరిగ్గా ఈ సమయంలోనే. చచ్చిపోతున్న క్రిముల మీద శరీరం చూపే ఆగ్రహం వల్ల కూడా అలా వాస్తుంది. వైద్యుడికి చూపించాలి గానీ మందు మానరాదు. రెండు నెలలకు ఆకలి పుట్టి, ఒళ్లు తేరుకోగానే రోగం పోయిందనుకొని మానేవారు మరో రకం. వీరికే మళ్లీ రోగం తిరగబెట్టి, ఈసారి మామూలు మందులకు లొంగకుండా పోయే ప్రమాదం ఉంది. అయితే కళ్లు పచ్చబడినా, చూపు మసకబారినా, ఆగని వాంతులు పట్టుకున్నా తర్వాతి చీటీ రోజు దాకా ఎదురు చూడకుండా ఆ రోజే ఆసుపత్రికి పోవాలి.

ఈ రోగం చుట్టూ ఉన్న మరో బాధ పెళ్లి సంబంధాల బాధ. మెడలో బిళ్లలున్న ఆడపిల్లకు క్షయ అని తెలిస్తే సంబంధం తప్పిపోతుందని తల్లిదండ్రులు దాచిపెడతారు. మెడ నిండా చున్నీ కప్పి తిప్పుతారు. బిళ్లలకు మాత్రమే పరిమితమైన క్షయ ఒకరి నుంచి ఒకరికి అంటదు. అంటేది ఊపిరితిత్తుల క్షయ, అదీ దగ్గు తుంపరల ద్వారా. ఛాతీ ఎక్స్‌రే బాగుండి, దగ్గు లేని పిల్లకు వేరే కంచం, వేరే గ్లాసు పెట్టడంలో అర్థం లేదు. ఆరు నెలల మందు పూర్తయితే నయమైనట్లే. తర్వాత పెళ్లికీ, పిల్లలకూ అడ్డు లేదు. దాచిపెట్టి మందు మాన్పించడమే ఆ పిల్లకు చేసే అన్యాయం.

పచ్చి పాలు తాగే అలవాటున్న ఇళ్లలో ఒక్క మాట. క్షయ ఉన్న పశువు పాల ద్వారా కూడా ఈ బిళ్లలు రావచ్చు. పాలు కాచి తాగాలి.

గొంతు ముందు వాపు, ఉప్పు కథ

కంఠమణి కింద, గొంతుకు ముందు భాగాన సీతాకోకచిలుక రెక్కల ఆకారంలో థైరాయిడ్ గ్రంథి ఉంటుంది. అది వాస్తే గాయిటర్ అంటారు. దీనిని గుర్తుపట్టడం తేలిక. అద్దం ముందు నిలబడి ఒక గుక్క నీళ్లు మింగాలి. గడ్డ మింగుడుతో పాటు పైకి లేచి కిందికి దిగితే అది సాధారణంగా థైరాయిడ్‌దే. మగవారికన్నా ఆడవారిలో ఇది చాలా ఎక్కువ.

ఈ గ్రంథికి ముడిసరుకు అయోడిన్. సముద్రంలో అది ఉంటుంది. కొండ ప్రాంతాల నేలలో వానలకు, మంచుకు కొట్టుకుపోతుంది. అయోడిన్ చాలనప్పుడు గ్రంథి తన పని తాను చేయలేక పెరిగిపోతుంది. పైకి కనిపించే వాపు ఇందులో చిన్న కష్టం. గర్భిణికి అయోడిన్ చాలకపోతే కడుపులోని బిడ్డ మెదడు సరిగ్గా ఎదగదు. చెవుడు, మూగతనం, మందబుద్ధి వస్తాయి.

ఈ రోగాన్ని దేశం అదుపులోకి తెచ్చిన కథలో ముఖ్య పాత్ర ఒక తెలుగువాడిది. 1921లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1956లో హిమాలయాల దాపున ఉన్న కాంగ్రా లోయలో ఒక పెద్ద ప్రయోగం ప్రారంభించారు. లోయను మూడు భాగాలు చేశారు. రెండు భాగాల ప్రజలకు అయోడిన్ కలిపిన ఉప్పు, మధ్య భాగానికి మామూలు ఉప్పు సరఫరా చేశారు. అయిదారేళ్లు గడిచాక చూస్తే అయోడిన్ ఉప్పు తిన్న రెండు చోట్లా పిల్లల్లో గొంతువాపు దాదాపు సగానికి పడిపోయింది. మామూలు ఉప్పు తిన్నచోట ఏమీ తగ్గలేదు. ఆ తర్వాత మధ్య భాగానికి కూడా అయోడిన్ ఉప్పు ఇచ్చారు. కోట్లు ఖర్చయ్యే మందు కాదు, ప్రతి పేదవాడి కుండలో పడే చిటికెడు ఉప్పే మందు అని ఆ ప్రయోగం నిరూపించింది. 1962లో ప్రభుత్వం జాతీయ గాయిటర్ నివారణ కార్యక్రమం ప్రారంభించింది. రామలింగస్వామి తర్వాత ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు డైరెక్టరయ్యారు. 2001లో కన్నుమూశారు. కాంగ్రా లోయలో ఆయన పేరు తెలిసినంతగా మన జిల్లాల్లో తెలియకపోవడం విచారకరం.

మైదాన ప్రాంతాల్లో కూడా అయోడిన్ లోపం ఉందని తర్వాతి సర్వేల్లో తేలింది. తినే ఉప్పును అయోడిన్ లేకుండా అమ్మరాదన్న నిషేధాన్ని 2000లో ఎత్తివేసి, మళ్లీ 2006 మే నెల నుంచి అమల్లోకి తెచ్చారు. చట్టం ప్రకారం ఇంటికి చేరేసరికి కిలో ఉప్పులో కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలి. అయినా పచ్చళ్లకని, పశువులకని కొన్న దొడ్డుప్పే కొన్ని ఇళ్లలో కూరల్లోకి పోతున్నది. కొందరు దానిని కడిగి మరీ వాడతారు. ఉన్న కాస్త అయోడిన్ కూడా ఆ నీళ్లతో పోతుంది. అయోడిన్ ఉప్పును మూత ఉన్న డబ్బాలో, పొయ్యికి దూరంగా, తడి తగలకుండా ఉంచాలి. కూర దించే ముందు వేయడం మంచిది. చాలాసేపు మరిగితే అయోడిన్ కొంత ఆవిరైపోతుంది.

అన్ని థైరాయిడ్ వాపులకూ ఉప్పే కారణం కాదు. అయోడిన్ చాలినా వచ్చేవి ఉన్నాయి. ఇప్పుడు ఎక్కువగా కనిపిస్తున్నవి అవే. గ్రంథి లోపల చిన్న చిన్న గడ్డలు కట్టవచ్చు, నీటి తిత్తి ఏర్పడవచ్చు. వందలో తొంభైకి పైగా ఇవి హాని లేనివే. కాన్సర్ అయినా థైరాయిడ్ కాన్సర్లలో ఎక్కువ రకాలు ఆపరేషన్‌తో నయమయ్యేవే. రక్త పరీక్ష, స్కానింగు, సూది పరీక్షతో సంగతి తేలిపోతుంది. గడ్డ వేగంగా పెరుగుతున్నా, గొంతు బొంగురుపోయినా, పడుకుంటే ఊపిరి ఇబ్బందిగా ఉన్నా ఆలస్యం చేయరాదు. గ్రంథి మొత్తం తీసేస్తే జీవితాంతం రోజూ పరగడుపున ఒక మాత్ర వేసుకోవాలి. క్యాబేజీ తింటే గొంతువాపు వస్తుందని ఆ కూర మానేసినవారు ఉన్నారు. అయోడిన్ చాలినంత తినేవారికి వండిన క్యాబేజీ వల్ల భయం లేదు.

పుట్టుకతో వచ్చే తిత్తులు

కొన్ని గడ్డలు పెద్దయ్యాక కనిపించినా వాటి బీజం తల్లి కడుపులోనే పడి ఉంటుంది. థైరాయిడ్ గ్రంథి నాలుక వెనుక పుట్టి మెడలోకి దిగివస్తుంది. దిగిన దారి మూసుకుపోకుండా మిగిలితే అక్కడ నీటి తిత్తి ఏర్పడుతుంది. సరిగ్గా మెడ నడిమిన ఉంటుంది. పిల్లవాడిని నాలుక బయటకు చాపమంటే గడ్డ పైకి జరుగుతుంది. ఇంతకన్నా తేలికైన పరీక్ష వైద్య శాస్త్రంలో తక్కువ. చీము పట్టినప్పుడు పైపైన కోసి వదిలేస్తే మళ్లీ మళ్లీ వస్తుంది. నాలుక కింది ఎముక నడిమి ముక్కతో సహా తిత్తిని, దాని దారిని తీసివేయాలి. సిస్ట్రంక్ అనే అమెరికా శస్త్రవైద్యుడు 1920లో వివరించిన ఈ పద్ధతినే నేటికీ పాటిస్తున్నారు.

మెడకు పక్కన, దవడ మూలకు కాస్త కింద యువకుల్లో వచ్చే మెత్తని తిత్తి మరొకటి. జలుబు చేసినప్పుడు ఉబ్బుతుంది, తర్వాత తగ్గినట్లే ఉంటుంది, కానీ పూర్తిగా పోదు. ఇదీ ఆపరేషన్‌తో పోయేదే. అయితే నలభై దాటినవారిలో, ముఖ్యంగా పొగాకు అలవాటున్నవారిలో ఇలాంటి తిత్తి కొత్తగా వస్తే దానిని తిత్తి అని సరిపెట్టుకోరాదు. కాన్సర్ బిళ్ల కూడా లోపల నీరు పట్టి అలాగే కనిపించవచ్చు.

పసిబిడ్డల మెడ పక్కన నీటి సంచిలాంటి మెత్తని వాపు ఉంటే చీకటి గదిలో టార్చిలైటు ఆనించి చూస్తారు. దీపపు బుడ్డిలా వెలుగుతుంది. దీనిని ఇంజక్షన్లతో కుదించే పద్ధతి, ఆపరేషన్ రెండూ ఉన్నాయి. ఉన్నట్టుండి పెరిగితే బిడ్డకు ఊపిరి అందదు కాబట్టి దగ్గరలోని ఆసుపత్రికి పరుగెత్తాలి. ఇక పుట్టిన రెండు మూడు వారాలకు మెడ పక్క కండరంలో గట్టి ముద్ద తగిలి, బిడ్డ తల ఒక వైపే వాల్చుతుంటే అది గడ్డ కాదు, కండరం బిగుసుకుపోవడం. ఆసుపత్రిలో నేర్పించే మెడ వ్యాయామాలతో చాలామంది బిడ్డలకు ఏడాదిలోపు సర్దుకుంటుంది. నూనె రాసి ముద్దను బలంగా పిసికి కరిగించబోయే మంత్రసానితనం వద్దు.

గవదబిళ్లలు అందరికీ తెలిసినవే. చెవి కింద వాచి, నోరు తెరవలేక, జ్వరంతో పిల్లలు బాధపడతారు. వారం పది రోజుల్లో తగ్గుతుంది. వాపు మొదలైన తర్వాత అయిదు రోజులు బడికి పంపరాదు. ప్రభుత్వం వేసే టీకా తట్టు, రుబెల్లాలకే గానీ గవదబిళ్లలకు కాదు. యుక్తవయసు మగపిల్లలకు వచ్చి వృషణాలు వాస్తే వైద్యుడికి చూపించాలి. అన్నం తినబోయే వేళకు దవడ కింద ఉబ్బి, తర్వాత తగ్గిపోతుంటే లాలాజల గ్రంథిలో రాయి ఉందని అర్థం. చర్మం కింద రబ్బరులా మెత్తగా జారే కొవ్వు గడ్డలు, నడిమిన నల్లని చుక్కతో ఉండే తిత్తులు హాని లేనివి. అడ్డంగా ఉంటే తీయించుకోవచ్చు, లేకపోతే వదిలేయవచ్చు. గోటితో గిల్లి పిండితే చీము పడుతుంది.

రాయిలాంటి బిళ్ల

శస్త్రవైద్యులు విద్యార్థులకు చెప్పే ఏడుల లెక్క ఒకటుంది. గడ్డ ఏడు రోజులుగా ఉంటే వాపు, ఏడు నెలలుగా ఉంటే కంతి, ఏడేళ్లుగా ఉంటే పుట్టుకతో వచ్చినది అని. అన్నిసార్లూ అలా జరగదు గానీ, నెలల తరబడి పెరుగుతున్న గడ్డను అనుమానించాలన్న మాట మాత్రం నికరం.

నలభై అయిదు, యాభై ఏళ్ల మనిషి. బీడీ, చుట్ట, జర్దా, గుట్కా, వీటిలో ఏదో ఒకటి పాతికేళ్లుగా అలవాటు. మెడ పక్కన గట్టి బిళ్ల, వేలితో కదిపినా కదలదు, నొప్పి లేదు. ఇలాంటివారికి చెవి, ముక్కు, గొంతు వైద్యుడు ముందు బిళ్లను కాదు, నోటిని వెతుకుతాడు. నాలుక పక్కన, బుగ్గ లోపల, గొంతు అడుగున ఎక్కడో చిన్న పుండు ఉంటుంది. అసలు రోగం అక్కడ, మెడలోది దాని పిల్ల. నోటిలో మూడు వారాలకు మానని పుండు, తెల్లని లేక ఎర్రని మచ్చ, నోరు రోజురోజుకు తక్కువ తెరుచుకోవడం, వీటిని ముందే చూపించుకుంటే మెడ దాకా రాకముందే పట్టుకోవచ్చు. ఉత్తర కోస్తా పల్లెల్లో నిప్పున్న వైపు నోట్లో పెట్టుకొని అడ్డపొగ తాగే ఆడవారికి అంగిట్లో కాన్సర్ వస్తుందని ఏనాడో తేలింది. మన వైపు అడ్డపొగ లేకపోయినా బుగ్గన జర్దా ఉంది. గుట్కా మీద నిషేధం ఉన్నా అది దొరకని ఊరు చెప్పడం కష్టం.

లింఫు గ్రంథులకే పుట్టే కాన్సర్ మరొకటి ఉంది. లండన్ వైద్యుడు థామస్ హాడ్జ్‌కిన్ 1832లో దీనిని మొదట వర్ణించారు. రబ్బరులాంటి బిళ్లలు, జ్వరం, రాత్రి చెమట, బరువు తగ్గడం, అచ్చం క్షయలాగే ఉంటుంది. అందుకే పరీక్ష చేయకుండా ఊహ మీద క్షయ మందులు మొదలుపెట్టడం ప్రమాదం. హాడ్జ్‌కిన్ రోగం మందులతో నయమయ్యే కాన్సర్లలో ఒకటి. మూడు నెలలు తప్పుడు మందుతో గడిపితే ఆ అవకాశం చేజారవచ్చు.

ఎక్కడికి పోవాలి?

ముందు దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకోవాలి. అక్కడి నుంచి చీటీ రాయించుకొని కాకతీయ వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు విభాగానికి గానీ, సర్జరీ విభాగానికి గానీ ఉదయం పూట పోవాలి. రైల్వే ఉద్యోగులకు, వారి కుటుంబాలకు కాజీపేటలోనే రైల్వే ఆసుపత్రి ఉంది. ఊళ్లో సూది వేసే ఆర్.ఎం.పి.లు చేయగల గొప్ప సహాయం ఒకటే. ఒక కోర్సు మందుకు తగ్గని బిళ్లను రెండో కోర్సుతో నానబెట్టకుండా ఆసుపత్రికి పంపించడం. బలమైన యాంటీబయాటిక్ మాత్రల్లో కొన్ని క్షయను కొద్దిగా అణచిపెట్టి, పరీక్షలో దొరక్కుండా కూడా చేస్తాయి.

సూది పరీక్ష అంటే జనంలో ఉన్న భయం చాలా పెద్దది. సూది పొడిస్తే కాన్సర్ ఒళ్లంతా పాకుతుందని చెప్పుకుంటారు. అది అబద్ధం. జ్వరానికి వేసే ఇంజక్షన్ సూది కంటే ఇది లావు కాదు. మత్తు అక్కరలేదు. పది నిమిషాల పని. అసలు ఏ గడ్డో తెలియకుండా కత్తి పెట్టించుకోవడమే దానికన్నా ఎన్నో రెట్లు ప్రమాదం.

వైద్యుడు అడిగే ప్రశ్నలకు జవాబులు ఇంటి దగ్గరే అనుకొని పోతే మంచిది. ఎన్నాళ్ల నుంచి ఉంది, పెరుగుతున్నదా, జ్వరం, బరువు తగ్గడం ఉన్నాయా, ఇంట్లో ఎవరికైనా క్షయ వచ్చిందా, పొగాకు అలవాటుందా, ఇంతకుముందు ఏ మందులు వాడారు. పసరు పూయించుకొని ఉంటే సిగ్గుపడి దాచనక్కరలేదు, చెప్పాలి.

ఆపరేషన్ అవసరమైతే అది ఆరోగ్యశ్రీ కింద వస్తుందేమో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగాలి. 2007లో మొదలైన ఈ పథకం పరిమితిని మన రాష్ట్రంలో 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. కాన్సర్ అని తేలితే హైదరాబాదులో ప్రభుత్వ ఎం.ఎన్.జె. కాన్సర్ ఆసుపత్రి ఉంది. కాజీపేట నుంచి రైలులో పోయి రావడానికి ఒక రోజు చాలు. పోయేటప్పుడు ఆధార్ కార్డు, రేషన్ కార్డు, పాత చీటీలు, ఎక్స్‌రేలతో పాటు సూది పరీక్ష చేసిన గాజు స్లైడ్లను కూడా ల్యాబువారిని అడిగి తీసుకొని పోవాలి. అక్కడి వైద్యులు కాగితం మీది రిపోర్టు ఒక్కదానితో ఊరుకోరు, స్లైడును తామే మళ్లీ సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తారు. అది వెంట లేకపోతే మళ్లీ సూది, మళ్లీ వారం.